నల్ల కిటికీ మూయవద్దు

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో ఇది వాదన అక్కర్లేని సంగతి. నేను కారు నడపడం నేర్పుతాను. పక్క సీట్లో కూర్చుని, కాలి కింద రెండో బ్రేకు పెట్టుకుని, పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరి మీద "క్లచ్చు! క్లచ్చు!" అని అరవడమే నా వృత్తి. కాబట్టి మా అక్క గురించి నేను రాస్తే మధ్యమధ్య తిట్లు పడతాయని ముందే చెబుతున్నాను. తిట్లు లేకుండా కావాలంటే మా బావనడగండి. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఎవరెక్కడ ఇరుక్కున్నా బయట నిలబడి జోకులేస్తూ ధైర్యం చెప్పడం అలవాటైపోయింది. నాకా అలవాటు లేదు.

అక్క ధోరణి వేరు. అరవదు, ఎదురు చెప్పదు, చేసే పనేదో చేసుకుపోతుంది. చిన్నప్పుడు నాకు సైకిలు నేర్పింది తనే. వెనకనుంచి సీటు పట్టుకుని పరుగెడుతూ "పట్టుకున్నాలే, నువ్వు తొక్కు" అనేది. ఒకరోజు వీధి చివరిదాకా హాయిగా తొక్కుకుంటూ వెళ్ళి వెనక్కి తిరిగితే, మహాతల్లి వీధి మొదట్లోనే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "వదిలేశావా!" అని అరిచాను. ఆ అరుపులోనే వెళ్ళి గోడకు గుద్దుకున్నాను. మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది. "నేను వదిలేసినందుకు పడలేదే నువ్వు, నన్ను తిట్టడానికి తిరిగినందుకు పడ్డావు" అంది మందు రాస్తూ. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళుమండుతుంది.

ఇంకో పిచ్చి కూడా ఉంది తనకి. ఖాళీ సీసా మీద కాగితం కనిపిస్తే ఊరుకోలేదు. చెంచాడు వంటనూనె రాసి, కాసేపు నాననిచ్చి, పాత గుడ్డతో తుడుస్తుంది. జిగురు మరక కూడా మిగలదు. వాళ్ళ వంటింట్లో సీసాలన్నీ అద్దాల్లా ఉంటాయి, ఏ సీసాలో ఏముందో మాత్రం మూత తీసి వాసన చూస్తే గాని తెలియదు. బావ ఒకసారి టీలో చక్కెరనుకుని ఉప్పేసుకుని, తాగి, "బాగుంది, కొత్త రకమా?" అన్నాడు. 

అక్క పనిచేసింది డయాలసిస్ సెంటర్లో. మూత్రపిండాలు పాడైనవాళ్ళ రక్తాన్ని మిషన్లు శుభ్రం చేసే చోటు. పొడవాటి హాలు, వరసగా కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో మిషను. ఒక మనిషి కుర్చీలో కూర్చుంటే సగం పూట అయిపోయినట్టే. ముందువాళ్ళకి రక్తపోటు పడిపోయిందనో, సూది సరిగా దిగలేదనో ఆలస్యమైతే వెనకవాళ్ళంతా వరండాలో బెంచీల మీద పడిగాపులు కాయాలి. అసలే నీరసంతో ఉండే మనుషులు. అక్క అక్కడ ఫోనెత్తే ఉద్యోగంలో చేరింది. పగలల్లా అదే ప్రశ్న: "నా కుర్చీ ఖాళీ అయిందా అమ్మా? ఇప్పుడు బయల్దేరితే సరిపోతుందా?" అందరికంటే ఎక్కువ ఫోన్లు గొడుగు మాస్టారివి. రిటైరైన లెక్కల మాస్టారు. ఎండైనా వానైనా మబ్బైనా చేతిలో గొడుగు ఉండాల్సిందే. 

ఈ ఫోన్ల బాధ పడలేక అక్క కంప్యూటరు క్లాసుకి వెళ్ళింది. ఆ వయసులో పక్కన పిల్లలంతా ముసిముసిగా నవ్వుతుంటే కూర్చుని నేర్చుకుని, తనే ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. హాల్లో నర్సు ఏ కుర్చీ ఖాళీ అయితే ఆ కుర్చీ బొమ్మ మీద నొక్కుతుంది. అంతే, మాస్టారు ఇంట్లో కూర్చుని తన ఫోన్లో చూసుకుంటారు: మీ కుర్చీ ఖాళీ, బయల్దేరండి. లేదా: ఆలస్యం, ఇంట్లోనే ఉండండి. ఫోన్లు తగ్గిపోయాయి. వరండాలో బెంచీలు ఖాళీ అయ్యాయి. ఈ మాట చెబుతున్నప్పుడు అక్క ముఖం చూడాలి మీరు. నాకు పెళ్ళి కుదిరినప్పుడు కూడా అంత సంబరపడలేదు.

చిక్కేమిటంటే, ఆ ప్రోగ్రాము అక్క బల్ల మీది కంప్యూటర్లో, ఒక నల్లటి కిటికీలో నడిచేది. తెల్ల అక్షరాలు పైకి పాకుతూ ఉండే కిటికీ. పొద్దున్నే అక్క వచ్చి, తన పేరుతో లోపలికి వెళ్ళి, ఆ కిటికీ తెరిచి, ఒక వాక్యం టైపు చేస్తే పేజీ లేస్తుంది. ఆ కిటికీ మూసేస్తే పేజీ చస్తుంది. అక్క పేరుతో ఉన్న లాగిన్ వదిలేసినా చస్తుంది. పొయ్యి మీద పాలు పెట్టినదానిలా అక్క దాని ముందు కూర్చోవాల్సిందే. ఎకౌంటెంటు ఒకసారి ఏదో ప్రింటు తీసుకోవడానికి వచ్చి, "ఏంటిది, వైరస్సులా ఉంది" అని మూలన ఉన్న గుర్తు నొక్కి మూసేశాడు. వరండా మళ్ళీ నిండింది. అప్పుడు అక్క పెద్ద అక్షరాలతో కాగితం రాసి, గట్టి జిగురుతో మానిటరు కింది అంచుకి అంటించింది: నల్ల కిటికీ మూయవద్దు.

ఆ వారమే కొత్త వాచ్‌మన్ చేరాడు. పాపం, చెప్పిన మాట వినే మనిషి. సాయంత్రం గదులకు తాళం వేస్తూ ఆ కాగితం చదివాడు. గదిలో ఉన్నది ఒకటే కిటికీ, దాని తలుపులకి నల్ల రంగే. దాన్ని బార్లా తెరిచి పెట్టి ఇంటికెళ్ళాడు. ఆ రాత్రి కుండపోత. పొద్దున అక్క వెళ్ళేసరికి కుర్చీ మీది దిండు తడిసి ముద్దయింది. "రాసి పెట్టారు కదమ్మా, లేకపోతే నేనే మూసేవాణ్ణి" అని వాచ్‌మన్ ఒకటే బాధ. కంప్యూటరు పెట్టె బల్ల కింద అరలో ఉండబట్టి బతికింది. అప్పట్నుంచీ ఊరందరికీ మా అక్క 'నల్ల కిటికీ'. నర్సులు కూడా "నల్ల కిటికీ మేడమ్, టీ వచ్చింది" అని పిలిచేవారు.

ఇంతవరకూ నవ్వులాటే. ఇక్కడి నుంచి నాకు పళ్ళు నూరుకోవడమే మిగిలింది.

అక్కకి కడుపు నొప్పి మొదలైంది. పిత్తాశయంలో రాళ్ళు, తీసేయాలి అన్నారు డాక్టర్లు. పెద్ద ఆపరేషనేం కాదు, కానీ తర్వాత కొన్నాళ్ళు మంచం మీద ఉండాలి. అక్క సెలవడిగింది. సెంటర్ డైరెక్టరు కూడా డాక్టరే. నొప్పి అంటే ఏమిటో పుస్తకాల్లో చదివే ఉంటాడు.

"సెలవుదేముందమ్మా, ఇస్తాను. మరి ఆ కిటికీ సంగతేంటి?" అన్నాడు.

"దాన్ని సర్వీసులా పెట్టేస్తాను సార్. మనిషి అక్కర్లేదు. కంప్యూటరు లేవగానే తనంతట తనే లేచి, వెనకాల నడుస్తూ ఉంటుంది. కిటికీ ఉండదు, మూసే బాధా ఉండదు."

"వెనకాల అంటే?"

"కనపడదు సార్. కానీ నడుస్తుంది."

"కనపడకుండా నడిస్తే, నడుస్తోందని నాకెలా తెలుస్తుంది?"

"పేజీ తెరిచి చూస్తే తెలుస్తుంది సార్."

"అంటే అది నేను తెరిచి చూస్తూ కూర్చోవాలా?" అని నవ్వి, "వద్దమ్మా, మనిషి కళ్ళముందు కూర్చుంటే నాకు ధైర్యం. కొన్నాళ్ళు చూద్దాం" అన్నాడట.

అక్క ఇదంతా ఇంటికొచ్చి మామూలుగా చెప్పింది, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు. నేను అప్పటికే లేచి నిలబడ్డాను. "ఆయన్నడిగేదేంటే? చెప్పకుండా పెట్టెయ్యి! పోయి మంచమెక్కు!"

బావ నన్ను కూర్చోబెట్టాడు. "ఆగు మరదలా. అది నీ బండి కాదు, ఎక్కి తొక్కేయడానికి. మీ అక్క పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పెట్టకపోతే లేవలేదు. పెడితే, తను లేకుండా అది నడుస్తుందని వాళ్ళకి తెలిసిపోతుంది. ఆ తర్వాత తను లేకుండానే నడిపించుకుంటారు."

"అలా ఎందుకు చేస్తారు? ఆ ప్రోగ్రాము రాసింది అక్క కదా!"

"లిఫ్టు ఆగిపోయినప్పుడు నా ఫోను నంబరు బిల్డింగులో అందరికీ నోటికొస్తుంది. నడుస్తున్నప్పుడు నేనెవరో ఒక్కడికీ తెలీదు" అన్నాడు బావ. ఆ రోజు దానికి కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

అంతే సంగతి. అక్క ఆ కుర్చీలోంచి లేవాలంటే పని తనంతట తనే నడవాలి. అది నడిస్తే ఆ కుర్చీయే ఉండదు. దీని మధ్య మా అక్క పొట్ట మీద వేడినీళ్ళ సంచీ పెట్టుకుని కూర్చుంది. డాక్టరిచ్చిన తేదీ వచ్చింది, పోయింది. ఇంకో తేదీ వచ్చింది, అదీ పోయింది. నేను ఫోన్లో అరిచేదాన్ని, తను "సరేలే, సరేలే" అనేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

చివరికి కడుపే తేదీ పెట్టుకుంది. ఒకరోజు మధ్యాహ్నానికి ముందు నర్సు నాకు ఫోన్ చేసింది: నల్ల కిటికీ మేడమ్ బల్ల మీద వాలిపోయారు, మాట్లాడటం లేదు. నేనప్పుడు ఒకావిడకి పాఠం చెబుతున్నాను. ఆవిడ అంతవరకూ రెండో గేరు దాటి ఎరగదు. సీటు మారే ఓపిక కూడా లేక "పోనివ్వండి!" అని ఒక్క అరుపు అరిచాను. ఆ రోజు ఆవిడకి అన్ని గేర్లూ వచ్చేశాయి.

ఆపరేషన్ వెంటనే చేసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని సర్జను నా వంక చూసి అన్నాడు, నేనేదో ఆపినట్టు. నేను ఆ మాట మోసుకెళ్ళి ఎవరి మొహాన కొట్టాలో నాకు తెలుసు.

ఆయనే ఫోన్ చేశాడు. అక్క చేతికి ఇంకా సెలైను సూది ఉంది, మందు మత్తు పూర్తిగా వదల్లేదు. డైరెక్టరు ఫోను. ఎలా ఉన్నావని అడుగుతాడేమో అనుకుని స్పీకరు పెట్టి మంచం మీద పెట్టాను.

"అమ్మా, ఆ నల్ల కిటికీ ఎలా తెరవాలి?"

ఎకౌంటెంటుకి ఏదో ఫైలు కావాల్సొచ్చి, అక్క కంప్యూటరు ఆపేసి, మళ్ళీ పెట్టి, తన పేరుతో లోపలికెళ్ళాడట. పేజీ చచ్చింది. అక్క కళ్ళు మూసుకునే, పాస్‌వర్డు నుంచి మొదలుపెట్టి ఒక్కో అక్షరమే చెబుతోంది. చిన్న అక్షరం, గీత, చుక్క, స్పేసు. అవతల ఎకౌంటెంటు తప్పు కొట్టడం, డైరెక్టరు విసుక్కోవడం, అక్క మళ్ళీ మొదట్నుంచి చెప్పడం. నేను ఫోను లాక్కున్నాను. నేనన్న మాటలు ఇక్కడ రాయను, బావకి మాటిచ్చాను. చివరి మాట మాత్రం "మీ కడుపు కోసినప్పుడు మీరు స్పేసు ఎక్కడుందో చెప్పండి చూద్దాం" అని. ఆ పక్కనున్న రోగి చప్పట్లు కొట్టింది. అక్క మాత్రం, "అయ్యో, చుక్క తర్వాత ఇంకా ఒకటుందే, అది చెప్పనివ్వు" అంది.

ఆ రోజు పేజీ సాయంత్రం దాకా లేవలేదు. గొడుగు మాస్టారి ఫోన్లో ఏమీ కనపడలేదు. మామూలు సమయానికే బయల్దేరి వచ్చారు. ముందున్నాయనకి మధ్యలో ఏదో అయి కుర్చీ ఖాళీ కాలేదు. లోపలంతా జనం, బయట వాన. వసారా చివర గొడుగేసుకుని నిలబడ్డారట, చాలాసేపు. ఒంట్లో నీరు చేరి ఊపిరందక అక్కడే కూలబడ్డారు. ఆక్సిజన్ పెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. బతికారు. చాలా రోజులకి గాని తిరిగి రాలేదు. 

ఈ సంగతి అక్కకి చెప్పొద్దని నర్సులకి చెప్పాను. ఎవరో చెప్పేశారు. అప్పుడు మొదటిసారి చూశాను, అక్క గోడ వైపు తిరిగి పడుకోవడం. 

కుట్లు విప్పిన మర్నాడే "నన్ను సెంటరుకి తీసుకెళ్ళు" అంది. నేనే నా బండిలో తీసుకెళ్ళాను, గుంతలున్న చోటల్లా ఎద్దుబండిలా నడుపుతూ. బల్ల దగ్గర తను కూర్చుంటే, పాఠం చెప్పేటప్పటిలా నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. డైరెక్టర్ని అడగలేదు. నాకది భలే నచ్చింది.

చిన్న ఫైలే అది. నాకు అర్థం కావాలని ఒక్కో లైను చదువుతూ రాసింది. "ఏ ప్రోగ్రాము నడపాలో ఇదిగో. కంప్యూటరు లేవగానే ఇదీ లేవాలి. ఏ కారణానికైనా పడిపోతే, ఎవరూ చెప్పకుండానే మళ్ళీ లేవాలి." ఒక లైను దగ్గర ఆగింది. "ఇక్కడ, ఎవరి పేరు మీద నడవాలో రాయాలి."

"నీ పేరు రాయవే. కష్టపడింది నువ్వు."

తను కాసేపు ఆ లైను వంక చూస్తూ కూర్చుంది. పొట్ట మీద చెయ్యి ఉంది. నొప్పేమో అనుకుని నీళ్ళు తేవడానికి లేచాను. తిరిగొచ్చేసరికి ఏదో రాసేసింది, నేను పట్టించుకోలేదు. ఇంకేవో రెండు వాక్యాలు టైపు చేసి, మౌసు తీసుకెళ్ళి నల్ల కిటికీ మూలన పెట్టింది.

"ఏయ్! మూసేస్తున్నావేంటే!"

మూసేసింది. కంప్యూటర్లోంచి తన పేరు కూడా వదిలేసి బయటికొచ్చేసింది. తెర మీద ఏమీ లేదు. నా ఫోను తీసి పేజీ తెరిచాను. వరసగా కుర్చీల బొమ్మలు. హాల్లో నర్సు అప్పుడే ఏదో నొక్కినట్టుంది, నేను చూస్తుండగానే ఒక కుర్చీ ఎరుపు నుంచి పచ్చకి మారింది.

"వదిలేశావా?" అన్నాను.

అక్క కుట్ల మీద చెయ్యి అదిమిపట్టుకుని నవ్వింది. "నవ్వించకే, నొప్పి" అంది.

తర్వాత కొంతకాలం బాగానే ఉంది. అక్క పనికి వెళ్ళేది. కిటికీ కాపలా లేదు కాబట్టి హాల్లో తిరుగుతూ, కొత్తగా వచ్చినవాళ్ళకి ఫోన్లో పేజీ ఎలా చూడాలో నేర్పుతూ ఉండేది. మాస్టారు తిరిగొచ్చారు, కొంచెం చిక్కి. కానీ డైరెక్టరు గదిలోంచి చూస్తే అక్క కుర్చీ ఖాళీగా కనపడేది కదా. కళ్ళముందు మనిషి కూర్చుంటే తప్ప ధైర్యం లేని మహానుభావుడు పిలిచి, ఇప్పుడు ఆ ప్రోగ్రాము ఎవరు నడుపుతున్నారో చూపించమన్నాడు.

అక్క చూపించింది. కంప్యూటర్లో నడుస్తున్న పనులన్నీ వరసగా, ఒక్కోదాని పక్కన ఒక్కో పేరు. ఆయన మన పేజీ ఉన్న లైను మీద వేలు పెట్టి, పేరు చదివాడు. నోబడీ.

"అది కంప్యూటర్లో మొదట్నుంచీ ఉండే పేరు సార్" అని అక్క చెప్పబోయింది. "ఏ అధికారాలూ ఉండవు దానికి. ఆ పేరు మీద నడిపితే, బయటివాళ్ళెవరైనా చొరబడినా మిగతావాటిని పాడుచెయ్యలేరు."

ఆయన వినలేదు. ఆయనకి కావలసిన మాట దొరికింది. "నోబడీ. అంటే దీన్నెవరూ నడపక్కర్లేదన్నమాట."

ఆ నెలాఖరుకి అక్కని వద్దన్నారు. ఫోనెత్తడానికి వేరే అమ్మాయి ఉందట, కంప్యూటరు పని తనంతట తనే అవుతోందట. అక్క లాగిన్ తీసేశారు. బల్ల మీద తాగేనీళ్ళ డబ్బా పెట్టారు. పెట్టె ఒక్కటి కింద అరలో నడుస్తూ ఉంటే చాలు కాబట్టి మానిటరు ఊడబీకి డైరెక్టరు తన గదిలోకి తీసుకెళ్ళాడు. ఏరు దాటాక తెప్ప తగలేశాడు, ఆ తెప్ప కట్టెలతో చలి కూడా కాచుకున్నాడు. ఇదంతా అక్క భోజనాల బల్ల దగ్గర నవ్వుతూ చెప్పింది, నోబడీ అనే చోట డైరెక్టరు గొంతు పెట్టి మరీ. బావ నవ్వలేదు ఈసారి. నా కంచం నేనే తోసేసి లేచాను.

ఆ రోజు నుంచి నా పని ఒకటే. పొద్దున పళ్ళు తోముకోకముందే ఫోను తీసి ఆ పేజీ తెరవడం. చచ్చిందా? చావలేదు. పాఠానికీ పాఠానికీ మధ్య మళ్ళీ తెరవడం. చావలేదు. అది ఆగిపోవాలి, వరండా నిండాలి, ఆ మనిషి చెమటలు కక్కుతూ అక్కకి ఫోన్ చేయాలి, అక్క ఎత్తకూడదు. ఇది నేను రోజూ కోరుకున్నాను. వరండాలో నిలబడేది ఆయన కాదన్న సంగతి నాకు తట్టలేదు. కోపం అన్నీ తట్టనిస్తుందా?

ఒకరోజు నిజంగానే చచ్చింది. సెంటరున్న వైపంతా కరెంటు పోయింది, ఏదో పెద్ద తీగ తెగిందట. జనరేటరు మిషన్లకే సరిపోతుంది, అక్క పెట్టెకి రాదు. నా ఫోన్లో పేజీ తెల్లగా తిరుగుతోంది, తెరుచుకోవడం లేదు. నేను మిగిలిన పాఠాలు మానేసి అక్క ఇంటికి పోనిచ్చాను. అక్క వంటింట్లో కొత్తగా ఖాళీ అయిన సీసాకి నూనె రాస్తోంది.

"చచ్చింది!" అని ఫోను చూపించాను. "ఇప్పుడు చేస్తాడు చూడు. ఎత్తకు. ఒకవేళ ఎత్తితే నాకివ్వు."

"ఆగు" అంది అక్క, చేతులు తుడుచుకోకుండానే. నా ఫోన్లోకి తొంగిచూస్తూ నిలబడింది. నేను తన వంక చూశాను, తను నా వంక చూడలేదు.

కొంతసేపటికి కుర్చీల బొమ్మలు వచ్చేశాయి. అన్నీ, వరసగా. కరెంటు వచ్చింది, పెట్టె తనంతట తనే లేచింది, లేస్తూ పేజీని లేపింది. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. అక్క "అమ్మయ్య" అంది.

నాకు కళ్ళు బైర్లు కమ్మినంత కోపం వచ్చింది, ఆయన మీద కాదు, ఈవిడ మీద. "అంత బాగా చెయ్యమని ఎవరు ఏడ్చారే? కాస్త వంకర ఉంచితే ఏం పోయేది? ఆ రోజు నీ పేరు రాయమన్నాను, గుర్తుందా?"

"గుర్తుంది" అంది. సీసా మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నా పేరు రాసి ఉంటే, వాళ్ళు నా లాగిన్ తీసేసిన రోజే అది ఆగిపోయేది. ఆ పేరుతో మనిషే లేకపోతే ఎవరి పేరు మీద నడుస్తుంది? నాకది తెలుసు. ఆ లైను దగ్గర కూర్చున్నప్పుడు తెలుసు. బావ చెప్పిందీ గుర్తుంది."

"తెలిసీ..."

"తెలిసే. నీళ్ళకి వెళ్ళావు నువ్వు అప్పుడు." సీసాని వెలుగులోకి ఎత్తి చూసింది. "ఆగితే గొడుగేసుకుని నిలబడేది డైరెక్టరు కాదే."

నేను అరలో సీసాలు సర్దడం మొదలుపెట్టాను. అది నాకు అలవాటు లేని పని. ఏడుపొస్తే ఏడ్చేదాన్నే, రాలేదు.

అప్పుడు అక్క ఫోను మోగింది. డైరెక్టరు. మేమిద్దరం దాని వంక చూశాం. నేననుకున్నాను: చూశావా, కరెంటు పోయి లేచేసరికి భయపడ్డాడు, రమ్మంటాడు. అక్క చేతులకి నూనె, నన్నే ఎత్తమంది. స్పీకరు పెట్టాను.

"అమ్మా, బాగున్నారా? ఒక చిన్న సంగతి" అన్నాడు. "మీ మానిటరు నా గదిలో పెట్టుకున్నాం కదా. దానికి కింద మీరేదో కాగితం అంటించారు. కిటికీ మూయొద్దని. వచ్చినవాళ్ళందరూ చదివి, లేచి కిటికీ తెరుస్తున్నారు. ఏసీ ఆగడం లేదు. గోకితే చిరుగుతోంది గాని రావడం లేదు. ఇది ఎలా తీయాలమ్మా?"

నేను నోరు తెరిచాను. అక్క నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. నూనె చెయ్యి, ఇప్పటికీ నాలుక మీద ఆ రుచి ఉంది.

అక్క బల్ల మీది నూనె గిన్నె వంక చూసింది. పక్కనున్న పాత గుడ్డ వంక చూసింది. వరసగా అరల్లో అద్దాల్లా మెరుస్తున్న సీసాల వంక చూసింది. మా అక్క అబద్ధమాడగా నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"తెలీదు సార్" అంది. "అది ఊడదు."